కారు దీపాలకు పట్టిన కాటుక

నిన్న మా మేనల్లుడి కారు దీపాలు పచ్చబడి మసకేశాయని మెకానిక్కు కుర్రాడొకడు ఇంటికే వచ్చి, ఏదో పేస్టు రాసి మిషనుతో గిరగిరా రుద్దుతూ, మామ్మగారూ దూరం జరగండి, మీద పడుతుంది అన్నాడు. నేను జరగలేదు. కారు దీపాల ముందు నుంచి నన్ను జరగమన్నవాళ్లలో వీడు మొదటివాడేం కాదు.

ఎనభైల్లో గురజాలలో మాకో అంబాసిడర్ టాక్సీ ఉండేది. నడిపే మా ఆయన జ్వరం ముదిరి పోయేనాటికి నాకు పాతికేళ్లు కూడా నిండలేదు. అంతకుముందు లారీలు తోలిన పక్కింటి బాబాయి, నేను నడుపుతానులే అని ముందుకొచ్చాడు. ఆ కారు తిరిగినన్నాళ్లే నా ఇంట్లో నా పొయ్యి నాది, లేదంటే బావగారి పంచన చేరి వాళ్లు పెట్టింది తినాలి. అలాంటిది దీపాల వెలుగు చాలడం లేదని నరసరావుపేటలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఫిట్‌నెస్ కాయితం ఇవ్వకుండా తిప్పి పంపాడు. ఈసారీ ఇవ్వకపోతే కారు అమ్మేసి మా ఇంటికొచ్చెయ్ అని బావగారు తేల్చేశారు.

మన రోజుల్లో దీపాలంటే గాజువి, వాటి వెనక వెండిపూత పూసిన గిన్నెలాంటి రేకు ఉండేదని మీకు గుర్తుండే ఉంటుంది. సున్నపురాయి లారీల వెనక తిరిగి తిరిగి మా కారుకు గాజు మసకబారింది, లోపలి పూత చెమ్మకు నల్లబడింది. గాజును రబ్బింగ్ కాంపౌండుతో రుద్ది తేటపరిచాం గానీ, అదే వెండి మీద పెడితే పూత మొత్తం ఊడొస్తుందని బాబాయి బెంగపడ్డాడు. మా అమ్మ వెండి కుంకుమ భరిణెను కాటుక మసితో మెరిపించేది గుర్తొచ్చి, ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి మసి పట్టాను. నా కళ్లకు కాటుక కూడదన్న ఇంట్లోనే కారు కోసం కాటుక పడుతుంటే, నా దగ్గరే ఉండే అత్తగారు ముఖం తిప్పుకున్నారు. తిప్పుకోనీ అనుకున్నాను.

అసలు తంటా తర్వాత వచ్చింది. దీపం తుడవాలంటే కారుకు ఎదురుగా కూర్చోక తప్పదు, మా సందులో కారు పట్టదు కనుక అది ఉండేది టాక్సీ స్టాండులో. పొద్దున్నే బండికి అగరొత్తులు వెలిగించి తీసే వేళకు మొగుడు పోయినదాన్ని నేను పీట వేసుకుని కూర్చుంటే డ్రైవర్లు ఊరుకుంటారా?

"ఏందమ్మా ఇది, పొద్దున్నే బండ్లకెదురు కూర్చుంటే మేం బతకొద్దా?" అని ఒకాయన అరిచాడు.

"నా బండికి నేను కూర్చున్నా. మీ బండి మీరు తీసుకోండి" అన్నాను. లేవలేదు. స్పిరిట్టులో తడిపిన దూదికి మసి అద్ది, మా ఆయన పోయాక అద్దం చూడటమే మానేసిన నాకు నా ముఖం కనిపించేదాకా ఆ వెండిని మెల్లగా తుడిచాను.

ఫిట్‌నెస్‌కు వెళ్లే పొద్దున మాత్రం, ఇంత చేసీ, నాకే బెదురు పుట్టింది. పని చెడితే నా వల్లే అంటారని గోడ పక్కకు తప్పుకున్నాను. బాబాయి స్టీరింగు ముందు కూర్చుని బండి స్టార్టు చేయలేదు.

"యాడికి పోతన్నావమ్మాయ్? ఎదురు రా. నువ్వొస్తేగాని బండి కదలదు" అని స్టాండంతా వినేలా కేకేశాడు.

వెళ్లాను, తలెత్తుకునే వెళ్లాను. సాయంత్రానికి ఫిట్‌నెస్ వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు నా పొయ్యి నా ఇంట్లోనే వెలిగింది. ఆ రోజు అరిచిన డ్రైవరే మరుసటి ఏడు తన కారు తెచ్చి మా సందు మొదట్లో ఆపి, తల గోక్కుంటూ నిలబడ్డాడు. నవ్వాపుకుని దానికీ ఎదురుగానే కూర్చున్నాను.

అంబాసిడర్లు పోయాయి, బాబాయీ పోయాడు. ఇప్పుడెవరూ అరవరు, అందరూ చదువుకున్నవాళ్లే. మొన్న చుట్టాలింట పెళ్లికూతురు కారెక్కి బయలుదేరే వేళ నా ఈడు మనిషే ఒకావిడ ప్రేమగా నా మోచెయ్యి పట్టుకుని, ఎండలో ఎందుకు వదినా, లోపలికి రా అంది. ఆ ప్రేమ ఎందుకో నాకు తెలుసు. ఎదురు రమ్మని కేకేసే మనిషి ఇప్పుడు లేడు. చెయ్యి విడిపించుకుని, ఎవరూ పిలవకుండానే వెళ్లి కారు ముందు నిలబడ్డాను.