చీకటి గదిలో ఎర్సీలియా

ఎర్సీలియా మైదానా ఓటు వేయడానికి వచ్చిందంటే వెనక వరసలో ఉన్నవాళ్లు ఉసూరుమంటూ గోడకు ఆనుకునేవారు. మిగతావాళ్లు ఖాళీ కవరు పుచ్చుకుని చీకటి గదిలోకి ఇలా వెళ్లి, కావలసిన పార్టీ చీటీ అందులో పెట్టుకుని అలా వచ్చేస్తారు. ఈవిడ తలుపేసుకుందంటే మాత్రం ఒక పట్టాన బయటికి రాదు. వరండాలో ఓట్ల పెట్టె చుట్టూ కూర్చున్న పార్టీ ఏజెంట్లు చేదు మాతే తేనీరున్న బుర్రను చేతులు మార్చుకుంటూ నవ్వుకునేవారు. "లోపల కాపురం గానీ పెట్టిందేమిట్రా?" అనేవాడు ఒకడు. తలుపు తట్టడానికి మాత్రం ఎవడికీ అధికారం లేదు. ఓటరు లోపలుండగా దేశాధ్యక్షుడైనా సరే తొంగి చూడకూడదు. ఆ ఒక్క నియమాన్ని పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఎర్సీలియా బతుకంతా దాని మీదే నిలబడింది.

ఆమెది పరానా నది ఒడ్డున చిన్న ఊరు. కుట్టుపని. బడిపిల్లలు తొడుక్కునే తెల్ల అంగీలు ఊళ్లో సగం ఆమె మిషను మీద కుట్టినవే. తల్లి పోయాక తమ్ముడు అన్సెల్మోను తనే పెంచింది. వాడు ఆమెను ముద్దుగా చీలక్క అనేవాడు. వాడికి పద్దెనిమిదేళ్లకే రాజకీయాల పిచ్చి. బడిలో పేద పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టాలని సంతకాలు చేయించేవాడు, చారు తాగుతూ ఉపన్యాసాలిచ్చి అక్క బుర్ర తినేవాడు. "ఓటు హక్కొచ్చింది చీలక్కా, ఇంక చూడు నా తడాఖా" అనేవాడు. ఓటు వేయడానికి ఎన్నికలంటూ ఉండాలి కదా. ఆ ఏడే సైన్యం గద్దెనెక్కింది.

చలికాలం సెలవుల్లో సైనికులు బడిని ఆక్రమించారు. అన్సెల్మోను పట్టుకెళ్లి ఆరో తరగతి గదిలో పెట్టారని తెలిసి ఎర్సీలియా ఉన్ని స్వెట్టరు పట్టుకుని వానలో పరిగెత్తింది. గేటు దగ్గర సిపాయి స్వెట్టరు పుచ్చుకుని, ఇస్తాలే పొమ్మన్నాడు. సెలవులయ్యాయి, సైనికులు వెళ్లిపోయారు, గది కడిగి పిల్లల్ని కూర్చోబెట్టారు. అన్సెల్మో ఇంటికి రాలేదు. ఆ గదిలోంచి వాడు బయటికి రావడం చూశామన్నవాళ్లు ఊళ్లో ఒక్కరూ దొరకలేదు.

ఆ తర్వాత ఆమె ఆ గేటులో కాలు పెట్టలేదు. కుట్టిన అంగీలు కూడా వేరేవాళ్లతో పంపేది. చివరికి సైనికుల పాలన పోయి ఎన్నికలొచ్చాయి. ఓటు వేయకపోతే కుదరదు, అది చట్టం. గుర్తింపు పుస్తకంలో ముద్ర పడకపోతే జరిమానా, పైగా ఏ ఆఫీసులోనూ పని జరగదు. తిట్టుకుంటూనే వెళ్లింది. ఓటింగు ఆ బడిలోనే, ఆమెకు పడింది ఆరో తరగతి గదే. కిటికీలకు గోధుమరంగు కాగితం అంటించి, దాని మీద దుప్పట్లు కట్టారు. లోపల ఒకే ఒక్క బల్బు. బల్లల మీద పార్టీల చీటీలు దొంతరలుగా ఉన్నాయి. తలుపు మూసింది. బల్బు కాస్త మసకేసింది.

"చీలక్కా, గట్టిగా వెయ్యి తలుపు. బయటికి వినపడుద్ది."

గొంతు నల్లబల్ల పక్క మూల నుంచి వచ్చింది. ఆ మూల ఎవరూ లేరు. తడిసిన ఉన్ని వాసన మాత్రం వచ్చింది.

ఆమె తలుపు గట్టిగా వేసింది. "ఎక్కడున్నావురా?" అంది.

"ఇక్కడేగా. నా పేరు పిలిచారా?"

"ఎవరు పిలవాలి?"

"బయట బల్ల దగ్గర. పిలిస్తేనే పోనిస్తామన్నారు. పిలిచేదాకా కదిలితే ఊరుకోమన్నారు."

"ఇంకా లేదురా."

"సరేలే. ఎవరెవరు నిలబడ్డారో చెప్పు."

అలా మొదలైంది. ఎన్నికలెప్పుడొచ్చినా అదే గది, అదే మూల, ముందుగా అదే ప్రశ్న. లేదురా అనగానే ఊళ్లో కబుర్లన్నీ అడిగేవాడు, అభ్యర్థుల పేర్లు వినగానే ఒంటికాలి మీద లేచేవాడు. "ఆ దొంగకా? వాడి బాబు కూడా దొంగే. ఆ మూడోది తియ్యక్కా." ఆమె మూడోది తీసేది. వాడికి నచ్చని పార్టీ చీటీలు ఆ గదిలో వాటంతటవే బోర్లా తిరిగి ఉండేవి. అది చూసి ఏజెంట్లు ఒకరినొకరు అనుమానించి కొట్టుకు చచ్చేవారు.

పేరు పిలవమని బల్ల దగ్గర అడగొచ్చుగా అని మీకు అనిపిస్తుంది. పిచ్చిదంటారని భయపడ్డాననేది ఆమె తనకు తాను చెప్పుకున్న కారణం. ఒట్టి అబద్ధం. పిలిస్తే వాడు వెళ్లిపోతాడు. ఆమె జుట్టు నెరిసింది, పళ్లు కదిలాయి, వాడు పద్దెనిమిదేళ్లకే ఆగిపోయి మూలన కూర్చుని ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు. వాణ్ని వదులుకోవడం ఆమె వల్ల కాలేదు.

తీరా ఆమెకు డెబ్బై దాటాక ఊళ్లో కబురు పుట్టింది. వచ్చేసారి నుంచి చీకటి గదులుండవట. తెరిచిన హాల్లో అట్టముక్క అడ్డం పెట్టుకుని అందరి ముందూ గీత గీయడమేనట. ఎర్సీలియాకు నిద్ర పట్టలేదు. ఇక ఆ తలుపు మూసుకుని వాడితో మాట్లాడే దిక్కెవరు? పేరు పిలిచారా అని వాడు చీకట్లో అడుగుతూనే ఉంటాడు, లేదురా అని చెప్పే మనిషి కూడా ఉండదు. ఈ ఓటింగులోనే వాణ్ని పంపించెయ్యాలి, ఇంకో రోజు లేదు.

ఓటింగు నాటి ఉదయం, కవర్లిచ్చి ఓటర్ల పేర్లు పిలిచే బల్ల పెద్దగా రావలసినాయన రాలేదు. అలాంటప్పుడు వరసలో ముందున్నవాణ్ని పట్టి కూర్చోబెట్టడం అక్కడి రివాజు. దొరికిపోయింది మైతెనా, పంతొమ్మిదేళ్ల పిల్ల. స్నేహితురాలి పుట్టినరోజు నుంచి నేరుగా వచ్చింది, కళ్ల కింద పూసుకున్న మెరుపులు ఇంకా పోలేదు. "రాజకీయాలంటేనే నాకు ఎలర్జీ. జరిమానా పడుద్దని పొద్దున్నే వచ్చి ఛస్తే ఇక్కడ ఇరికించారు" అని గొణుగుతూ ఆ పిల్ల ఎర్సీలియాకు కవరు ఇచ్చింది.

ఎర్సీలియా వంగి మెల్లగా అంది. "అమ్మాయ్, నేను లోపలికెళ్లాక ఒక పేరు పిలుస్తావా? మైదానా, అన్సెల్మో. మొదటిసారి ఓటరు."

"పట్టించుకోకు పిల్లా, పెద్దావిడకు చాదస్తం" అన్నాడు ఒక ఏజెంటు.

మైతెనా నవ్వలేదు. "ఎక్కడున్నాడు అమ్మమ్మా?"

"లోపల."

ఆ పిల్ల గది తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఎవరూ లేనప్పుడు లోపల ఎవరో నడుస్తున్న చప్పుడైందంటే వీళ్లు ఎలకలన్నారు. సరే, వెళ్లండి. పిలుస్తా."

లోపల చలి ఎముకలు కొరికినట్టుంది.

"పిలిచారా?"

"ఇవాళ పిలుస్తార్రా."

"నిజంగానా? నా జుట్టు సరిగ్గా ఉందా అక్కా?"

"బాగుంది" అంది ఆమె చీకట్లోకి చూస్తూ. చెప్పాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. మొదలుపెట్టేలోగానే బయట నుంచి ఆ పిల్ల గొంతు ఖంగుమంది.

"మైదానా, అన్సెల్మో."

కుర్చీ జరిగిన చప్పుడు. తడి ఉన్ని ఆమె మోచేతికి రాసుకుంటూ దాటింది. తలుపు తెరుచుకుని, మూసుకుంది. వరండాలో ఎవరో అలవాటు కొద్దీ చప్పట్లు మొదలుపెట్టారు. తొలి ఓటు వేసేవాళ్లకు అక్కడ అందరూ చప్పట్లు కొడతారు. రెండు మూడు జతల చేతులు కలిశాయి, ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి.

ఎర్సీలియా బయటికొచ్చేసరికి ఏజెంట్ల ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. పెరటి వైపు తలుపు ఊగుతోంది. మైతెనా రెండు చేతులూ పెట్టె మీద వేసుకుని కూర్చుంది.

"థాంక్స్ చెప్పాడు" అంది ఆ పిల్ల. "ఇక్కడ, నా చెవి దగ్గరే."

ఎర్సీలియా ఊగుతున్న తలుపు దాకా వెళ్లి చూసింది. పెరట్లో ఎండ, సైకిళ్లు, పిల్లలు. "నాతో ఒక్క ముక్క అనలేదు" అంది. కోపమే వచ్చింది ఆమెకు. వాడి కోసం ముసలిదైపోయింది, వాడు వెనక్కి తిరిగైనా చూడకుండా పోయాడు. కుర్రాళ్లు అంతే, పనుంటే ఇంట్లోవాళ్లు గుర్తుండరు. అలా అనుకుని చూసింది గానీ గుండె ఊరుకోలేదు.

"అమ్మమ్మా, మీ కవరు ఖాళీగానే ఉంది" మైతెనా దగ్గరికొచ్చి మెల్లగా అంది. "మీకు డెబ్బై దాటాయిగా, వేయకపోయినా ఎవరూ అడగరు. ఇంటికెళ్లి పడుకోండి."

ఎర్సీలియా చేతిలో కవరు చూసుకుంది. "వేస్తాను" అంది.

మళ్లీ లోపలికి వెళ్లి తలుపు మూసింది. బల్బు మసకేయలేదు. సుద్దముక్కల వాసన తప్ప ఏమీ లేదు. చీటీలన్నీ వెల్లకిలా ఉన్నాయి. వాటి మీద అభ్యర్థులంతా ఆమెనే చూస్తూ నవ్వుతున్నారు. చెయ్యి అలవాటుగా గాల్లో ఆగింది.

"ఏది తియ్యమంటావురా?"

ఎవరూ పలకలేదు. ఇన్నేళ్లుగా తాను పెట్టెలో వేసినవన్నీ వాడి ఓట్లేనని ఆమెకు అప్పుడు తట్టింది. తనకేం కావాలో ఎవరూ అడగలేదు, తనను తాను కూడా అడగలేదు. బయట ఎవరో విసుక్కుంటున్నారు. ఎర్సీలియా పిల్లలు కూర్చునే చిన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్లజోడు తుడిచి పెట్టుకుని, మొదటి చీటీ తీసి పైనుంచి కిందికి చదవడం మొదలుపెట్టింది.