ఫ్లోరా అడిగిన తాళం

కోట ఊరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డులో, రొయ్యల గుంటల నడుమ ఒక పాలెం ఉంది. పాలెం చివర చర్చి. ఆ చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ ఫ్లోరా. పేరుకు బైబిలు స్త్రీ అంటారు గానీ, ఆమె సంచిలో బైబిలుతో పాటు జ్వరం మాత్రలు, బాలింతల కోసం ఉతికి మడిచిన పాత చీర ముక్కలు, ఎవరిదో ఒకరి ఆధార్ కార్డు ఉంటాయి. అంతకు ముందు ఆ పని వాళ్లమ్మది. అమ్మ కాళ్లు పడిపోయాక సంచి కూతురి భుజానికి మారింది. పెళ్లి, కాపురం, భర్త చావు, అన్నీ ఆ సంచి భుజాన ఉండగానే జరిగిపోయాయి.

ఫ్లోరా తిరిగే చోట్లలో అన్నిటికంటే దూరం యానాదుల గుడిసెలు. 'గిరిజన కాలనీ' అని బోర్డు ఉంది, కాలనీ లేదు. రొయ్యల గుంటలకు కాపలా ఉండే కుటుంబాలు గట్ల మీద, యజమాని చూపించిన చోట గుడిసె వేసుకుంటాయి. వాయుగుండం పడిందంటే ఆ గుడిసెలు నిలవవు. అందుకని ఏటా తుఫాను హెచ్చరికను, వాళ్ల మాటలో గాలి వార్తను, వినగానే వాళ్లు పొద్దున్నే తట్టాబుట్టా ఎత్తుకుని, కాలవ మీది చప్టా దాటి, అవతలి ఊరి బడిలో తలదాచుకుంటారు. ఆలస్యమైతే చప్టా మునుగుతుంది. మునిగితే దారి లేదు.

ఇవతలి పక్క మాత్రం, కూతవేటు దూరంలో, చర్చి వాళ్ల పెద్ద హాలు ఉంది. ఒకప్పటి తుఫాను తర్వాత దూరదేశపు విశ్వాసులు పంపిన సాయంతో కట్టింది. 'ఆపదలో ఉన్నవారి ఆశ్రయము కొరకు' అని గోడలో పాలరాతి పలక కూడా పొదిగారు. ఇప్పుడా పలకకు స్పీకరు పెట్టె అడ్డం. హాల్లో పెళ్లిళ్లు జరుగుతాయి, ఉజ్జీవ కూడికలు జరుగుతాయి. ఆపదలో ఉన్నవాళ్లు ఎవరూ ఇంతవరకు ఆ గడప తొక్కలేదు.

ఫ్లోరా అడిగింది ఒక్కటే మాట. గాలి వార్త వచ్చిన రోజు హాలు తాళం ఎవరు తీస్తారు?

అడగాల్సిన చోటు నెల మొదటి సోమవారం జరిగే కార్యకర్తల కూటం. పాస్టరు దయానందం గారు, హాలు బాధ్యత చూసే సంఘ పెద్ద ముత్యాలయ్య, పాటల వాళ్లు, సండే స్కూలు టీచర్లు, చివరి కుర్చీలో ఫ్లోరా. పదింటికని చెప్పి పదకొండుకు మొదలుపెట్టేవాళ్లు. మైకు గరగరలాడుతోంది, బల్ల మీది గుడ్డ రంగు వెలిసింది, క్రిస్మస్ నక్షత్రం ఏ పక్కన కట్టాలి, ఇవే మాటలు. ఇంతలో బజ్జీలు వచ్చేవి. ఓట్లు, చేతులెత్తడాలు ఆ కూటంలో ఎరగరు. చివర్లో పాస్టరు గారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తారు. ఏం జరగాలని ఆయన అనుకున్నారో అది ప్రార్థనలో వస్తుంది. 'ఈ పనిని నీ దాసుని చేతికి అప్పగించియున్నాము ప్రభువా' అంటారు. అందరూ ఆమెన్ అంటారు. అదే తీర్మానం. ఒకసారి అలాగే బస్సు పోయే ఊళ్లు ఫ్లోరా నుంచి తీసేసి, నడిచి పోవాల్సిన ఊళ్లు మిగిల్చారు. ఆమె కళ్లు తెరిచి ఏదో అనబోతే ముత్యాలయ్య అడ్డుపడ్డాడు.

"ఆమెన్ అంటివా లేదా? నీ నోటితోనే అంటివి. ఇంకేంది నీ మాట?"

నిజమే, ఆమె నోటితోనే అంది.

తాళం సంగతి ఎత్తినప్పుడల్లా పాస్టరు గారు మెత్తగా నవ్వేవారు. "దేవుడు నీ మనసులో మంచి భారం పెట్టినాడు ఫ్లోరమ్మా. ప్రార్థనలో పెడదాం." ప్రార్థనలో పెట్టేవారు. అక్కడే ఉండేది.

ఈ ఏడాది వేసవిలో పాస్టరు గారి అమ్మాయి కెజియా మద్రాసులో ఏదో శిక్షణ పూర్తి చేసుకుని వచ్చింది. చెడ్డ పిల్ల కాదు. చురుకైనది, పని అంటే ఇష్టమున్నది. వచ్చీ రాగానే కూటం చూసి తల పట్టుకుంది. "ఇట్టయితే ఎట్ట నాన్నా? మీటింగ్ అంటే ఫలితం ఉండాల. అర్థం ఉండాల" అంది. తెల్ల బోర్డు తెచ్చింది. అజెండా ముందే ఫోనుల్లోకి పంపింది. ఒక్కో అంశానికి ఇన్ని నిమిషాలని ఫోనులో గంట పెట్టింది. బజ్జీలు కూటం అయ్యాకే అంది. అజెండాలో లేని మాట ఎవరైనా ఎత్తితే బోర్డు మూల ఒక గడి గీసి, దాని మీద 'పార్కింగ్' అని రాసి, ఆ మాటను అందులో పెట్టింది. తీరిక ఉన్నప్పుడు దాన్ని చూస్తారట.

ఫ్లోరాకు మొదట ఆశ పుట్టింది. పద్ధతంటూ వచ్చింది కాబట్టి తన మాటకూ వంతు వస్తుందనుకుంది. వంతు రాలేదు. జులైలో పార్కింగు, ఆగస్టులో పార్కింగు.

"ఫ్లోరమ్మ బండి టైర్లు కూడా పోయుంటాయి, ఆడ నిలబెట్టి నిలబెట్టి" అన్నాడు ముత్యాలయ్య. అందరూ నవ్వారు. ఫ్లోరా కూడా నవ్వింది. అట్లాంటి చోట నవ్వకపోతే పొగరంటారు.

"అజెండాలో పెట్టు పాపా, ఒక్క తూరి" అని కెజియాను బయట పట్టుకుని అడిగింది.

"పెడతానాంటీ. కానీ హాలు ముత్యాలయ్య అంకులు చేతిలో ఉండాది. ఆయన అజెండాలోకి ఇవ్వాల. నేను మధ్యలో దూరితే ప్రాసెస్ పోతాది."

ముత్యాలయ్య ఎందుకిస్తాడు? వాళ్ల నాయన కాలంలో ఊళ్లో ఏ అరుగు మీదా తమ వాళ్లను కూర్చోనిచ్చేవాళ్లు కారని, వానొస్తే పశువుల కొట్టం చూరు కింద నిలబడేవాళ్లమని అతనే చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు కళ్లు తుడుచుకుంటూ చెబుతాడు. విన్నవాళ్లు ఏడుస్తారు. అదే నోటితో, "యానాదోళ్లను రానిస్తే టైల్స్ కంపు కొడతాయి, రేపు పెళ్లోళ్లు వస్తారా?" అంటాడు. ఈ రెండు మాటలూ అతనికి ఒకదానికొకటి అడ్డం రాలేదు. మనలో చాలామందికి రాదు.

కెజియా చేసిన మార్పుల్లో ఇంకొకటి ఉంది. ముగింపు ప్రార్థన ఎప్పుడూ ఒక్కరే చేయకూడదు, అందరికీ భాగం ఉండాలి, వంతులవారీగా చేయాలి. అక్టోబరు కూటంలో ఆ వంతు ఫ్లోరాకు వచ్చింది.

అందరూ తలలు వంచారు. ఫ్లోరా లేచి నిలబడింది. మొదట అందరి కోసం, ఆ తర్వాత జబ్బు పడిన వాళ్ల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం అడిగింది. గొంతు సవరించుకుంది. పొందకముందే పొందినట్టు కృతజ్ఞత చెప్పే అలవాటు ఆ సంఘంలో అందరికీ ఉంది.

"తండ్రీ, వానల నెల వచ్చింది. గాలి వార్త విన్న రోజు హాలు తలుపు తెరిచి, గుంటల గట్టు మీద కాపలా ఉండే మునెయ్య వాళ్లను, ఆ పసిబిడ్డలను, ముసలోళ్లను లోపలికి చేర్చుకోను ఈ దినాన ఈ కూటం ఒప్పుకున్నందుకు నీకు స్తోత్రాలు. తాళం తీసే భారం నీ దాసుడు ముత్యాలయ్య మీద పెట్టినందుకు స్తోత్రాలు. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ."

"ఆమెన్!"

అందరికంటే గట్టిగా అన్నది ముత్యాలయ్యే. అలవాటు. కళ్లు తెరిచాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాస్టరు గారు దగ్గారు. కెజియా ఫోనులో గంట ఆపింది. బజ్జీలు వచ్చాయి. ఎవరూ కాదనలేదు. కాదనడానికి ఆ కూటంలో పద్ధతి లేదు మరి.

ఫ్లోరా బజ్జీ కూడా తినకుండా గట్టుకు పోయింది. మునెయ్య వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన వాళ్లమ్మ కామమ్మ, ఆయాసంతో డొక్కలెగరేస్తూ, ఎండు చేపలు తిరగేస్తోంది.

"ఈ తూరి మీరు చప్టా దాటబళ్లేదు మునెయ్యా. హాలు తీస్తారు."

"ఎవురన్నారక్కా?"

"అందరూ. ఆమెన్ అన్నారు."

"అంటే?"

"అంటే ఒప్పుకున్నట్టే. దేవుడి ముందర అన్న మాట అది. వెనక్కి పోదు."

కామమ్మ బోసినోటితో నవ్వింది. "పోన్లే తల్లే. ఆ చప్టా ఎక్కి దిగే సత్తువ నాకు ల్యా."

ఫ్లోరా చేసిన తప్పంటూ ఉంటే అది ఇక్కడే ఉంది. ఆ ఆమెన్ తనను కట్టేసినట్టే వాళ్లనూ కట్టేస్తుందని నమ్మింది. కిందివాళ్లు అన్న ఆమెన్‌కూ పైవాళ్లు అన్న ఆమెన్‌కూ బరువు ఒకటే అనుకుంది.

వాయుగుండం వచ్చిన రోజు పొద్దున్నే దండోరా వేశారు. వేరే ఏడాది అయితే మునెయ్య వాళ్లు అప్పటికే చప్టా మీద ఉండేవాళ్లు. ఈసారి హాలు పక్కనే గదా అని కోళ్లను గంపల కింద మూసి, వలలు చుట్టి, గుడిసెలకు తాళ్లు బిగించి, మధ్యాహ్నం గాలి తిరిగాక బయలుదేరారు. హాలు దగ్గరికి వచ్చేసరికి వాన అడ్డంగా కొడుతోంది. ఫ్లోరా అక్కడే నిలబడి ఉంది. తలుపుకు తాళం ఉంది.

ముత్యాలయ్యకు ఫోను చేసింది.

"ఎల్లుండి పెళ్లుండాది ఫ్లోరమ్మా. స్టేజీ అంతా పూలతో కట్టేసినారు లోపల."

"అన్నా, ఆమెన్ అంటివి గదన్నా!"

"నువ్వు అడిగింది దేవుణ్ణి. నన్నా? దేవుడు నాకేం చెప్పలా."

ఫోను పెట్టేశాడు. పాస్టరు గారు నెల్లూరులో ఉన్నారు. "కమిటీ నిర్ణయం లేకుండా నేనొక్కణ్ణి ఎట్ట చెప్పేది ఫ్లోరమ్మా? భద్రంగా ఉండండి, ప్రార్థన చేస్తా ఉండా" అన్నారు. కెజియా ఫోను ఎత్తలేదు. అప్పటికి చప్టా మీద నీళ్లు నడుము లోతు పారుతున్నాయి.

మునెయ్య రాయి తీశాడు. తాళం దగ్గరికి పోయి, ఆగి, కింద పడేశాడు.

"పగలగొడితే రేపు దొంగతనం మా నెత్తినే పెడతారక్కా. మా తాతల కాలం నుంచి మమ్మల్ని అట్నే పిలస్తా ఉండారు."

రాయి ఫ్లోరా ఎత్తి ఉండొచ్చు. ఎత్తలేదు. చర్చి ఇచ్చిన ఒంటి గది రేకుల ఇల్లు, చర్చి ఇచ్చిన పని, ఆ రెండూ గుర్తొచ్చి చెయ్యి లేవలేదు. ఆ గదిలోకే పిల్లలను, బాలింతలను తోసింది. నిలబడటానికి తప్ప చోటు లేదు. కామమ్మను కూడా రమ్మంటే రాలేదు. "పసిబిడ్డలకు గాలాడాల తల్లే" అని హాలు వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. వాన ఆ వరండాను కూడా వదల్లేదు. తెల్లారేసరికి ఆమె రొమ్ము పిల్లికూతలు కూస్తోంది. ఆ వారంలోనే ఆసుపత్రిలో పోయింది. హాల్లో పెళ్లి బాగా జరిగింది.

నవంబరు కూటంలో మొదటి అంశం హాలు. కెజియా కళ్లు వాచి ఉన్నాయి. నిజంగానే ఏడ్చింది పాపం. కామమ్మ కోసం ఒక నిమిషం మౌనం పాటిద్దామంది. ఫోనులో గంట పెట్టింది. నిమిషం కాగానే అది టింగుమంది. అందరూ కూర్చున్నారు.

అంశం చకచకా నడిచింది. అత్యవసర వినియోగానికి ఉపసంఘం. కన్వీనరు ముత్యాలయ్య. కోరేవాళ్లు ముందుగా బైబిలు స్త్రీ ద్వారా తెలపాలి. ఉపసంఘం కూర్చుని పరిశీలిస్తుంది. ముగింపు ప్రార్థనలు ఇకమీదట క్లుప్తంగా ఉండాలి, అజెండాలో లేని విషయాలు ప్రార్థనలో తేకూడదు.

"గాలి వచ్చినప్పుడు ఉపసంఘం యాడ కూర్చుంటాదన్నా? వరండాలోనా?" అంది ఫ్లోరా.

"అదుగో, మళ్లీ ఎత్తిపొడుపు" అన్నాడు ముత్యాలయ్య. "పనయ్యే టయానికి పుల్ల ఏస్తాది ఈమె."

"ఆంటీ, ప్లీజ్. సొల్యూషన్ వైపు చూద్దాం" అంది కెజియా. చెప్పిన టైముకంటే ముందే కూటం ముగిసింది. ఇంత ఫలవంతమైన కూటం ఇదివరకు జరగలేదని పాస్టరు గారు మెచ్చుకున్నారు. ఈసారి ప్రార్థన ఆయనే చేశారు. చివర ఆమెన్ అన్నప్పుడు ఫ్లోరా పెదవి కదపలేదు. ఎవరూ గమనించలేదు. గమనించినా లెక్కలోకి రాదు.

ఉపసంఘం సంగతి గట్టు మీది వాళ్లకు తెలియజేసే పని ఆమెకే అప్పగించారు.

మునెయ్య కొత్త గుడిసెకు తాటాకు కప్పుతున్నాడు. ఆమెను చూసి దిగాడు. గోనెపట్ట దులిపి పరిచాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా. ఉపసంఘం, కన్వీనరు, ముందుగా తెలపడం, అన్నీ. చెబుతుంటే తన గొంతు తనకే కూటంలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడింది.

"నా మాట నమ్మి చెడిపోతిరి మునెయ్యా" అంది.

 మునెయ్య తాటాకు మొన కత్తితో చెక్కుతూ ఉన్నాడు. కసిరినా, తిట్టినా ఆమె నిలబడి పడేదే. అతను తిట్టలేదు.

"మేం ఎప్పట్లాగే బడికే పోతాంలే అక్కా, పొద్దున్నే" అన్నాడు. "నీ ఇంటి రేకు కూడా ఒక పక్క లేచిపొయ్యుండాది, చూసినా. వాళ్లు నీకు మాత్రం ఆ హాలు తీస్తారా? ఈ తూరి గాలొస్తే మాతో వచ్చెయ్. చప్టా మీద చెయ్యి పట్టుకుంటాలే."