నూకయ్య దిగని స్టేషను

ఖరగ్‌పూర్‌లో మా ఖరిదా పేటలో నూకయ్యకి సముద్రం పిచ్చి ఉండేది. నవ్వకండి, ఆ పిచ్చి ఎలాంటిదో చెప్తాను. సముద్రమే కావాలంటే దిఘా బస్సెక్కొచ్చు కదా అని పెళ్ళాం చిట్టెమ్మ దెప్పేది. ఎక్కాడు, చూశాడు, ఇది బెంగాలీల సముద్రం అనేసి తిరిగొచ్చాడు. ఆయనకి కావల్సింది బారువ సముద్రం. వాళ్ళమ్మ పుట్టిందక్కడే, పోయేదాకా ఆ గాలి కబుర్లే చెప్పింది. నూకయ్య ఖరగ్‌పూర్‌లోనే పుట్టి, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాడు. విశాఖపట్నం పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడల్లా బండి సోంపేటలో ఆగేది. బారువకి అక్కడే దిగాలి. తలుపు దాకా వెళ్ళి నించునేవాడు, దిగేవాడు కాదు. దిగి ఎవరింటికెళ్తాడు? తన వాళ్ళన్నవాళ్ళు ఒక్కరూ మిగల్లేదక్కడ. మనకి ఓ పిలుపైనా ఉండాలి, ఓ పనైనా ఉండాలి. ఊరికే దిగిపోతామా చెప్పండి?

తొంభై రెండులో ఆ పని దొరికింది. ప్రేమ్ బజార్ వెనక దత్తబాబు షెడ్డులో, ఎండతో కరెంటు పుట్టించే పలకలకి ఇనప స్టాండ్లు చేసేవారు. నూకయ్య అందులో చేరాడు. బారువ ఆసుపత్రి డాబా మీద పలకలు పెడతారట. స్టాండు బరువు పరీక్షలో నెగ్గితే ఆర్డరు వీళ్ళదే, బిగించడానికి వెళ్ళేది నూకయ్యే. అప్పుడే సంచీ సర్దేసుకున్నాడు, ఏం చెప్పమంటారు.

పరీక్షంటే పెద్ద విశేషం కాదు. తుఫాను గాలి పలకని కింద నించి పైకి ఎత్తేస్తుంది కదా, అందుకని స్టాండుని తలకిందులుగా కట్టి ఇసక బస్తాలు వేలాడేస్తారు. పలక అంచుని కరిచిపట్టుకునే క్లాంపులు జారకపోతే నెగ్గినట్టే. కొనేవాళ్ళ ఇంజనీరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సగం బరువు పడేసరికే క్లాంపులు మెత్తగా జారి ఊడొచ్చాయి. ఇంజనీరు పెదవి విరిచి హౌరా బండెక్కేశాడు. ఆర్డరు పక్క షెడ్డుకి పోయింది.

నాసి ఇనుము అంటగట్టాడని దత్తబాబు సరుకు ఇచ్చినవాణ్ణి తిట్టిపోస్తున్నాడు. నూకయ్య ఓ క్లాంపు తీసి వేలితో రాసి చూసుకున్నాడు. గ్రీజు. ముందురోజు తనే పూశాడు. ఇనుమూ ఇనుమూ కలిసే ప్రతి చోటా గ్రీజు పెట్టడం వర్క్‌షాపు చేతికి నేర్పిన అలవాటు కదా. పైగా ఊరికి వెళ్ళే సరుకని, పెళ్ళికూతురికి పసుపు రాసినంత మురిపెంగా పూశాడు. ఒట్టి రాపిడితో పట్టుకోవాల్సిన దవడలకి!

“లోహా ఠీక్ హై, దాదా. గ్రీజు నేను రాసినాను.”

దత్తబాబు నవ్వబోయి ఆగిపోయాడు. కిరసనాయిలుతో కడిగించి మళ్ళీ బస్తాలు కట్టించాడు. మొత్తం బరువు పడినా ఒక్క క్లాంపు కదిలితే ఒట్టు. చూసింది మాత్రం వాళ్ళిద్దరే.

ఇంటికొచ్చి సంచీ విప్పుతుంటే చిట్టెమ్మ అడ్డొచ్చింది.

“రైలు పాసుంది కదా, సోంపేటలో దిగిపో. ఎందుకొచ్చినావని నిన్నెవలు అడుగుతారు?”

“అదేనే. ఎవలూ అడగరు.”

పక్క షెడ్డు ఫిట్టరు విల్‌ఫ్రెడ్ బారువ వెళ్ళి బిగించొచ్చాడు. నూకయ్య అతన్ని పట్టుకెళ్ళి టీ ఇప్పించాడు. ఆ కుర్రాడు బస్సు ఇబ్బంది, హోటలు కూర, ఆసుపత్రి మెట్లు అన్నీ ఏకరువు పెట్టాడు. నూకయ్య ఓపికపట్టి, చివరికి గాలి సంగతి అడిగాడు.

“ఏటి గాలి బాబాయ్, ఉప్పు గాలి. నట్లు తిప్పే పానాలు తుప్పట్టిపోనాయి. డాబా మీద నిలబడనిస్తేనా? ఎనక నించి భుజం తట్టి ఒకటే తోసీడం, ఎవలో పిలిసినట్టు.”

నూకయ్య చేతిలో టీ చల్లారిపోయింది.

“మళ్ళీ సెప్పు,” అన్నాడు.