చుట్టీ మీద వచ్చిన బిడ్డ

పీహెచ్‌డీ పూర్తి చేసుకుని జర్మనీ నుంచి కోరుట్లకు తిరిగొచ్చిన నాలుగో రోజుకే నేను రెండు నెలల చుట్టీ మీద వచ్చానని వాడంతా పాకింది. పాకించింది మా అమ్మే. మా వైపు గల్ఫ్ నుంచి ఎవరొచ్చినా జనం మొదట అడిగేది "ఎన్ని నెలల చుట్టీ?" అనే. అంటే ఎన్ని నెలల సెలవు అని. సెలవు కాదన్నారో, కంపెనీ వెళ్లగొట్టిందనే లెక్క. మా నాన్న మస్కట్ వదిలేసి పూర్తిగా వచ్చేసినప్పుడు కూడా అమ్మ ఏడాది పాటు ఆ మాటే చెప్పింది. గట్ల చుట్టీ ఇచ్చే కంపెనీ ఏందో మాకూ చెప్పుమని పక్కింటివాళ్లు ఎగతాళి చేసేవారు.

నేను వచ్చింది మాత్రం ఉండిపోవడానికే. మరమగ్గాల పని మీద థీసిస్ రాసినదాన్ని, సిరిసిల్లలో పాఠం చెప్పాలన్నది నా పంతం. జగిత్యాల కాలేజీ ఒకటి నా దరఖాస్తుకు జవాబే ఇవ్వలేదు. సిరిసిల్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ మాత్రం డెమో క్లాసుకు పిలిచింది. తంగళ్లపల్లి నుంచి వచ్చే పిల్లలు వాళ్ల నాన్నల మగ్గాల గురించి నాకే చెప్పడం మొదలుపెట్టారు. గంట కొట్టినా లేవలేదు. ఉద్యోగం నాదేననుకున్నాను.

ప్రిన్సిపాల్ గారు టీ తెప్పించారు.

"పాఠం మంచిగ చెప్పిన్రమ్మా. కని రెండు నెలలకే పోతరట గద? మా అటెండరుది మీ వాడనే. నడిమిట్ల ఇడిసిపోతే పిల్లల గతేంది?"

పోనని ఎంత చెప్పినా ఆయన నవ్వారే గానీ నమ్మలేదు.

బస్సులో దారి పొడుగునా కోపంతో ఉడికిపోయాను. ఇల్లు చేరేసరికి అమ్మ అరుగు మీద నలుగురు ఆడవాళ్లతో కూర్చుని బీడీలు చేస్తోంది. వాళ్లున్నారని కూడా చూడలేదు.

"నువ్వు చుట్టీ అని చెప్పవట్టే నాకు నౌకరి రాలేదే అమ్మా!"

అమ్మ చెయ్యి ఆగిపోయింది. మరుక్షణమే నాకు సిగ్గేసింది. ఆ అబద్ధం ఆడింది నా పరువు కోసమే. నలుగురిలో ఆమె పరువు తీసింది నేను.

అమ్మ తంబాకు చాట పక్కకు జరిపి, వాళ్ల వైపు తిరిగింది.

"చుట్టీ గాదు. అబద్ధమాడిన. నా బిడ్డకు ఆడ సదువు ఒడిసింది, ఈడ పని ఇంకా దొరకలే. దొరికేదాంక నేను సాదుకుంట."

ముప్ఫై మూడేళ్లదాన్ని, అందరి ముందూ ఏడ్చేశాను.