తాలు బస్తాలో డైరీ

మా ఇంటికి కొత్త సంవత్సరం పురుగుమందుల కొట్టు నుంచి వస్తుంది. డిసెంబరు చివర్లో కొట్టాయన మా ఆయనకు ఒక డైరీ ఇస్తాడు. అట్ట మీద విచ్చుకున్న పత్తికాయ బొమ్మ, లోపల ప్రతి పేజీ అడుగున ఏదో ఒక మందు పేరు. మా ఆయన దాన్ని తెచ్చి ఫ్రిజ్ మీద పడేస్తాడు. నేను తీసుకుంటాను. జనవరి ఒకటిన మొదటి పేజీలో నా సంకల్పం రాస్తాను: "ఈ ఏడాది నవల పూర్తి చేయాలి." పదేళ్లుగా అదే వాక్యం. మారిందల్లా పెన్ను ఒక్కటే.

పూర్తి కాకపోవడానికి నా దగ్గర కారణాలకు కొదవలేదు. స్ఫూర్తి దొరకడం లేదన్నది చాలాకాలం నాకిష్టమైన కారణం. సముద్రం చూస్తే రాయబుద్ధవుతుందని ఎవరో అంటే, ఒక ఆదివారం పట్టుబట్టి అందర్నీ వాడరేవు తీసుకెళ్లాను. అక్కడ నేను చేసిందల్లా పులిహోర డబ్బాకు కాపలా కాయడం, పిల్లల తడిబట్టలు పిండడం. ఇంటికొచ్చి ఎండుచేపల వాసన గురించి రెండు ముక్కలు రాసి, అవీ కొట్టేశాను.

అసలు కారణం మా అత్తగారని నా గట్టి నమ్మకం. పెళ్లయిన ఏడాదికి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న నా కథల నోటుపుస్తకం కనిపించకుండా పోయింది. ఇల్లంతా వెతికి పెరట్లోకి వెళ్తే, ఆవిడ నీళ్లపొయ్యి ముందు కూర్చుని పత్తికట్టె ఎగదోస్తోంది. బూడిదలో నా పుస్తకం అట్ట, సగం కాలి ఉంది. "అత్తయ్యా, ఇది..." అన్నాను. ఆవిడ నా వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది. ఇంక అడగడానికేముంది? ఆ రోజు నుంచి ఆవిడతో అవసరమైనంత వరకే మాట్లాడాను. ఏం రాసినా దాచి రాశాను, బియ్యం డబ్బాలో, చీరల మడతల్లో. ఇలా దొంగతనంగా రాసే మనిషికి నవల ఎప్పటికి పూర్తవుతుంది?

కిందటేడు మాత్రం చోటు దొరికింది. మిరపకాయలు కళ్లంలో ఆరబోస్తే మధ్యాహ్నాలు ఎవరో ఒకరు కాపలా ఉండాలి. కాయ తిరగెయ్యాలి, రంగు పోయి తెల్లబడిన తాలుకాయ ఏరాలి. నేనుంటానన్నాను. ఎండలో ఆ ఘాటుకు ఎవరూ పోటీకి రాలేదు. రెండు నెలలు పట్టా నీడలో కూర్చుని రాశాను. ఎవరైనా వస్తుంటే పక్కనున్న తాలు బస్తాలోకి డైరీని తోసేసేదాన్ని. అత్తగారు కోడలి పుస్తకాన్ని పొయ్యిలో పెట్టడమే నవల. ఇన్నేళ్ల కసి అందులో దించేశాను. ముగింపు ఒక్కటే మిగిలింది.

అప్పుడే నాకు జ్వరం వచ్చింది. రెండు రోజులు కళ్లానికి వెళ్లలేదు. మంచుకు కాయ మెత్తబడి ఉంటుందని తెల్లవారుజామునే బస్తాల్లోకి తొక్కి, కుట్టేసి, లారీకెత్తేశారు. తాలు బస్తా కూడా వాటితోనే గుంటూరు వెళ్లిపోయింది, కోల్డ్ స్టోరేజీకి.

ఎవరికని చెప్పను? ఏమని చెప్పను? రేటు వస్తే గానీ అక్కణ్ణుంచి బస్తా కదలదు. నా నవల నెలల తరబడి ఆ చలిలో పడుంది. మళ్లీ రాద్దామని కూర్చుంటే ఒక్క వాక్యం గుర్తొచ్చేది కాదు. మిరప రేటు ఏనాడూ పట్టించుకోని నేను, "ఇంకా అమ్మరా?" అని అడగడం మొదలుపెట్టాను.

"నీకెందుకే అంత తొందర?" అనేవాడు మా ఆయన.

వంటింట్లోకి వెళ్లి ఏడ్చేదాన్ని. ఉల్లిపాయలు ఉన్నాయి కాబట్టి ఎవరూ అడగలేదు.

వినాయకచవితి వెళ్లాక అమ్మారు. ఆ సాయంత్రం మా ఆయన డైరీ పట్టుకుని వచ్చాడు. కొన్నవాళ్లు తాలు బస్తా కుమ్మరిస్తే బయటపడిందట. బస్తా మీద మా గుర్తు చూసి పిలిచి ఇచ్చారట.

"నేను చదవలేదు," అన్నాడు.

పేజీల నిండా కారం దుమ్ము. ఆయన కళ్లు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి, నీళ్లు కారుతున్నాయి. ఒకటి రెండు పేజీలు తిప్పితే అంతగా మండవు. కాళ్లు కడుక్కుని వచ్చి, నా మొహం చూడకుండా అన్నాడు.

"అందులో ఒకటి తప్పు రాశావు. పుస్తకం పొయ్యిలో పెట్టింది అమ్మ కాదు. నేను."

"మీరా? ఎందుకండీ?"

"ఈ ఇంట్లో ఉండలేను, పుట్టింటికెళ్లిపోతానని రాసుకున్నావు ఆ పాత పుస్తకంలో. భయమేసింది. నిజంగానే పోతావనుకున్నా."

అది కథ. వెళ్లిపోతానన్నది నేను కాదు, నేను కల్పించిన మనిషి. ఆ మాట చెబుదామనుకున్నాను. కానీ ఆ మనిషిలో నేను బొత్తిగా లేనని చెప్పడం కూడా అబద్ధమే అవుతుంది.

మర్నాడు పొద్దున అత్తగారు వరండాలో గోంగూర ఒలుస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. చాలా ఏళ్ల తర్వాత అలా కూర్చోవడం.

"మీరు కాదని అప్పుడే ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"చెబితే ఏం చేసేదానివి?" అంది, చేతిలో పని ఆపకుండా. "కాపరం చెయ్యాల్సింది వాడితోగా, నాతో కాదుగా."

ఈ ఏడు డైరీ కూడా వచ్చింది. ఆయన ఫ్రిజ్ మీద పడేయలేదు, నా చేతికే ఇచ్చాడు. ఇప్పుడు దాచుకోవాల్సిన పని లేదు. అన్నం తింటూ "ఎంతదాకా వచ్చింది?" అని రోజూ ఆయనే అడుగుతాడు. నవల పూర్తవ్వాలంటే పొయ్యి దగ్గర నుంచి ఆవిణ్ణి లేపి, ఆయన్ని కూర్చోబెట్టాలి. అది రాస్తే ఆయన చదువుతాడు. రాయకపోతే ఆవిడ అక్కడే కూర్చుని ఉంటుంది.

మొదటి పేజీలో అత్తగారి మాట రాసుకున్నాను, "చెబితే ఏం చేసేదానివి?" అని. సంకల్పం కోసం దాని కింద చోటు వదిలాను. కళ్లంలో తాలుకాయ ఏరే వేళ అయింది. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.