సారు హెల్మెట్

పంజాగుట్ట ఆఫీసులో కంప్యూటర్లకు ఐపీ అడ్రస్‌లు పంచే పని నెట్‌వర్క్ స్విచ్‌కు అప్పగించే ముందు, మైత్రీవనం కోచింగ్ సెంటర్లో నాకు నెట్‌వర్కింగ్ నేర్పిన సారు గొంతే వినిపిస్తుంది: "ఆగుర్రి! ముందుగాల ప్రింటర్‌కు, సర్వర్‌కు కొన్ని అడ్రస్‌లు పక్కకు పెట్టుర్రి. మిగిలినయే పంచాలె."

యూసుఫ్‌గూడ మందుల షాపులో డ్యూటీ దిగి నేను రోజూ ఆలస్యంగానే చేరేదాన్ని. అప్పటికే ల్యాబ్ కిక్కిరిసి, కొందరు గోడకానుకుని నిలబడి ఉండేవారు. అయినా స్విచ్ ఎదుట కుర్చీలో సారు హెల్మెట్ ఉండేది. ఎవరైనా అడిగితే, "అది పక్కకు పెట్టిన భాయ్" అనేవారు. నన్ను చూడగానే హెల్మెట్ తీసేవారు. ఈ ఉద్యోగం నాకు ఆ కుర్చీలోనే దొరికింది.

కోర్సు ముగిసిన రోజు సారూ నేనూ ఒకే మెట్రో ఎక్కాం.

"బండి తేలేదా సార్?" అన్నాను.

"బండెక్కడిదమ్మా? అమ్మి మస్తు రోజులైంది," అన్నారు సారు, ఒళ్లో హెల్మెట్ సర్దుకుంటూ.