బండ పగిలితే ఏమవుతుంది

మొన్న మా మనవరాలు సాంఘిక శాస్త్రం పుస్తకం ఒళ్లో పెట్టుకుని, శిలాశైథిల్యానికీ క్రమక్షయానికీ తేడా ఏమిటని అడిగింది. ఎండకూ, వానకూ, చెట్ల వేళ్లకూ రాయి ఉన్నచోటనే ఉండి పగలడం, పెళుసుబారి పొడికావడం శైథిల్యమనీ, నీరో గాలో ఆ పొడినీ ముక్కలనూ కోసుకుని మరోచోటికి మోసుకుపోవడం క్రమక్షయమనీ గడగడా చెప్పాను. రాసుకుని వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

మన తరంలో కొత్తగా ఉద్యోగం వచ్చినవాడికి కాళ్లు నేల మీద ఆనేవి కావని మీకు తెలియనిది కాదు. నందిపేట్ దగ్గరి బడిలో పంతులుగా చేరిన కొత్తలో నేనూ అంతే. ఆర్మూరు గుట్ట కింద మాకు ఎకరం పసుపు చేను, దానికి పైన ఏటవాలులో ఇల్లంత బండ, ఆ బండ నెర్రెల్లోకి వేళ్లు దించిన జువ్విచెట్టు ఉండేవి. పసుపు తవ్వే రోజుల్లో నాయన ఆ నీడనే కూర్చుని సద్ది తినేవాడు. వేసవి సెలవులకు వచ్చిన నేను, వేళ్లు బండను చీలుస్తున్నాయనీ, చెట్టు కొట్టెయ్యకపోతే బండ ముక్కలై దొర్లి చేను పాడవుతుందనీ పట్టుబట్టాను.

“రాయి పగిలితే పగలనియ్యి బిడ్డా, ఉన్నకాడనే ఉంటది గద,” అన్నాడు నాయన.

“నీకు తెల్వదు నాయినా, నేను సదువుకున్న,” అన్నాను.

చదువుకున్న కొడుకు మాట కదా అని తనే గొడ్డలి పట్టాడు. నేను దగ్గరుండి వేళ్లు కూడా పెరికించాను.

శ్రావణంలో మూడు రోజులు విడవకుండా వాన పడింది. అన్నాళ్లూ వేళ్లు పట్టి ఉంచిన పగుళ్ల రాళ్లూ మొరమూ వరదతో దిగి, మోకాలెత్తు పసుపును కప్పేశాయి. నాయన గట్టు మీద నిలబడి, నా వైపు చూడకుండానే, “వాన గట్ల కొట్టింది, ఎవలేం జేస్తరు,” అన్నాడు. నన్ను కాపాడడానికే అలా అన్నాడని ఆ క్షణమే తెలిసింది నాకు.

ఆ తర్వాత ఆ రాళ్లలో పసుపు కొమ్ము ఊరలేదు. నాయన మక్కజొన్న వేశాడు, అదీ అంతంతమాత్రమే. మళ్లీ పసుపు పెట్టాలన్న ఆశతో, పొద్దున్నే గంప పట్టుకుని ఏళ్లకేళ్లు రాళ్లు ఏరాడు. నేను బడిలో బోర్డుకు నడుమ గీత గీసి, ఇటు శైథిల్యం, అటు క్రమక్షయం అని తప్పు లేకుండా చెబుతున్న వేళకు, ఆయన చేనులో నడుం వంచి ఉండేవాడు. ఆ సంగతి నాకు తెలుసు.

ఇప్పుడక్కడ ప్లాట్లు పడ్డాయి, ఇళ్లు లేచాయి. ఇప్పటి పిల్లలు కన్నవాళ్లకు రోజుకు పదిసార్లయినా సారీ చెబుతారు, విని మనం నవ్వుకుంటాం. మన రోజుల్లో తండ్రి ముందు ఆ మాట అనడానికి ఎందుకంత నామోషీ పడ్డామో తెలియదు. నువ్వు చెప్పిందే నిజం నాయినా అని నేను ఒక్కసారి అని ఉంటే, ఆయన ఆ గంప కాసేపు కింద పెట్టేవాడేమో.